తెరచాప ఎత్తడం కన్నా దించడం ముందు నేర్చుకో

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ కాకినాడలో మేమందరం క్షేమం. పోయిన ఆదివారం అమెరికాలోని అనాపొలిస్ రేవు బయట మీ పడవ పెద్ద తెరచాప, అదే మెయిన్‌సెయిల్, సగం దిగి ఆగిపోయిందనీ, అమ్మాయి చుక్కాని పట్టుకొని ఉండగా నువ్వు క్యాబిన్ కప్పు మీదికెక్కి రెండు చేతులతో గుడ్డను కిందికి లాగవలసి వచ్చిందనీ ఫోనులో నవ్వుతూనే చెప్పావు గానీ, నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఫోనులో చెప్పినవి నువ్వు సగం మరచిపోతావు కనుక, తీరిగ్గా కూర్చొని కాగితం మీద పెడుతున్నాను.

నీ చేతుల్లో బలం చాలకపోవడం వల్ల అలా జరగలేదు. తెరచాప ఎత్తేటప్పుడు నీకు ఒంటి బరువు ఉంది, తాడు చుట్టి లాగే వించ్ ఉంది, పట్టుదల ఉంది. దించేటప్పుడు మాత్రం ఆ గుడ్డ బరువు తప్ప సాయపడేది ఏదీ లేదు. మీ కాటలినా 22 పడవ మెయిన్‌సెయిల్ దాదాపు 100 చదరపు అడుగులు ఉంటుంది కానీ బరువు ఏపాటిది? పడవ స్తంభం, అంటే మాస్ట్, మీద తెరచాప అంచు జారే గాడిలో కొద్దిపాటి రాపిడి ఉంటే ఎత్తడం కాస్త కష్టమవుతుంది, దించడం మాత్రం పూర్తిగా ఆగిపోతుంది. కొత్తగా పడవ కొన్నవాళ్ళు చాలామంది ఎత్తడానికి పడే కష్టాన్నే చూసి ఇంకా పెద్ద వించ్ బిగించుకుంటారు. ఆ వించ్ రాపిడిని కప్పిపుచ్చుతుందే గాని తీసివేయదు. తెరచాపను పైకి లాగే తాడు, అంటే హాల్యార్డ్, వదిలిన వెంటనే తెరచాప తనంతట తాను వచ్చి అడుగునున్న అడ్డకర్ర బూమ్ మీద పడితే మెయిన్‌సెయిల్ బాగున్నట్టు, పడకపోతే మిగిలిన హంగులు ఎన్ని ఉన్నా బాగులేనట్టు నా లెక్క.

మీ చెసపీక్ ఖాతం మీద దీనిని వాయిదా వేయడానికి వీల్లేదు. ఆ ఖాతం సగటు లోతు 21 అడుగులే కనుక, గాలి కాస్త లేచిందంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కినట్టు వస్తాయి. వేసవి మధ్యాహ్నాలలో పడమటి నుంచో వాయవ్యం నుంచో ఉరుముల మబ్బు పట్టిందంటే, అది నీ నెత్తి మీదికి రావడానికి ఒక్కోసారి అరగంట కూడా పట్టదు. సుమారు 20 ఏళ్ళ క్రితం ఒక జులై సాయంత్రం నేను థామస్ పాయింట్ దీపస్తంభం దగ్గర ఉన్నాను. 1875లో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన ఆ ఆరు మూలల ఇల్లు మబ్బు నీడలో తెల్లగా మెరవడం చూసి, తెరచాప దించుదామని హాల్యార్డ్ వదిలాను. మూడడుగులు దిగి ఆగిపోయింది. తెరచాప అంచును గాడిలో పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్కల్లో, అంటే స్లగ్గుల్లో, పైనుంచి నాలుగోది చీలి, గాడిలో అడ్డంగా తిరిగి, మేకు కొట్టినట్టు బిగుసుకుపోయింది. ఆ స్లగ్‌కు పగులు ఉన్నదని నాకు నెల రోజుల నుంచీ తెలుసు. గాలి తాకే వేళకు పడవ పక్కకు పడుకున్నంత పని చేసింది. బూమ్‌ను అదుపు చేసే తాడు మెయిన్‌షీట్‌ను పూర్తిగా వదిలేసి, ఆ గుడ్డ తుపాకులు పేలినట్టు కొట్టుకుంటుంటే, పావుగంట సేపు ఇంజను మీద ఎదురుగాలికి ముక్కు పెట్టి నిలిపాను. చినిగిన తెరచాపకు పెట్టిన ఖర్చుతో అలాంటి ప్లాస్టిక్ స్లగ్గులు బస్తాడు వచ్చేవి.

రాపిడి ఎక్కడుందో ఊహించి డబ్బు ఖర్చు పెట్టకు, పరీక్ష చేసి తెలుసుకో. గాలి లేని పూట రేవులో కట్టి ఉండగానే, తెరచాప నుంచి హాల్యార్డ్ విప్పి, దాని కొసకు నాలుగైదు లీటర్ల నీళ్ళున్న బకెట్ కట్టు. బకెట్ పిడికి కిందికి వచ్చే మరో తాడు తప్పకుండా కట్టు, లేకపోతే హాల్యార్డ్ కొస మాస్ట్ చివరికి వెళ్ళి కూర్చుంటుంది, దానిని దింపడానికి రేవులో ఉన్నవాళ్ళందరూ తలొక సలహా ఇస్తారు. బకెట్‌ను సగం మాస్ట్ దాకా లాగి, నెమ్మదిగా వదిలి చూడు. ఎక్కడా కొట్టుకోకుండా, ఆగకుండా దిగితే మాస్ట్ చివరనున్న కప్పీ, తాడు రెండూ బాగున్నట్టే, దోషమంతా గాడిలోనో స్లగ్గులలోనో ఉంది. బకెట్ ఆగి ఆగి దిగితే దోషం పైన ఉంది. ఆ మోడల్ మాస్ట్‌ను పడుకోబెట్టడానికి వీలుగా అడుగున కీలు ఉంటుంది కనుక, మాస్ట్‌ను పడవ ముక్కు వైపు పట్టి ఉంచే తీగను విప్పి ఇద్దరు మనుషుల సాయంతో మాస్ట్ దించి, ఆ కప్పీని వేలితో తిప్పి చూడు. ఇరుసు అరిగి కప్పీ ఒక పక్కకు ఒరిగితే తాడు దాని అంచుకూ గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. పాత పడవలలో హాల్యార్డ్ సగం ఉక్కుతీగ, సగం తాడు ఉండేది. నీది ఇంకా అలాంటిదే అయితే దానిని తీసివేసి, సాగని పాలియెస్టర్ తాడు వేయించు. తెగిన ఉక్కుపోగు ఒకటి అరచేతిలో దిగితే తెలుస్తుంది ఎందుకు చెప్పానో. తీగకు చేసిన కప్పీ గాడి తాడుకు ఇరుకు అవుతుంది కనుక కప్పీని కూడా అప్పుడే మార్చాలి.

గాడి విషయం. చాలా పడవలలో దోషం ఇక్కడే దొరుకుతుంది. ఉప్పు, దుమ్ము, పక్షుల రెట్ట, పాత గ్రీజు కలిసి గాడి లోపల నల్లటి జిగురు పేరుకుంటుంది. ఒక స్లగ్‌కు గట్టి గుడ్డ చుట్టి, సబ్బునీళ్ళలో ముంచి, పైన హాల్యార్డూ కింద మరో తాడూ కట్టి, గాడి పొడవునా నాలుగైదుసార్లు పైకీ కిందికీ లాగు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి చేసి, మంచినీళ్ళతో కడిగి ఆరనిచ్చిన తరువాతే పొడిగా ఆరే టెఫ్లాన్ స్ప్రే అదే పద్ధతిలో పూయి. నూనె, గ్రీజు జోలికి పోవద్దు; వారం రోజులు బాగుంటుంది, ఆ తరువాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది, తెరచాప అంచు కూడా నల్లబడుతుంది.

స్లగ్గులను ఒక్కొక్కదానినీ వేళ్ళ మధ్య పెట్టి వంచి చూడాలి. ఎండకు పాలిపోయి, గోటితో గీరితే పొడి రాలుతున్నదంటే దాని పని అయిపోయినట్టే. కొత్తవి కొనే ముందు గాడి నోరు ఎంత వెడల్పుందో, పాత స్లగ్ ఎంత లావుందో కొలిచి తీసుకో. సన్నవి వేస్తే అడ్డంగా తిరుగుతాయి, లావువి వేస్తే ఎక్కవు.

గాడిలోకి స్లగ్గులు ఎక్కించడానికి బూమ్‌కు కొంత పైన వెడల్పు చేసిన ద్వారం ఉంటుంది. స్లగ్గులు అక్కడ జారి బయటికి రాకుండా దాని పైన ఒక అడ్డు పెడతారు. అందువల్ల దించిన తెరచాప మొత్తం బూమ్‌కు ఎత్తుగా ఆ అడ్డు మీద గుట్టగా నిలుస్తుంది, తెరచాపను కొంత దించి చిన్నది చేసేటప్పుడు, అంటే రీఫ్ చేసేటప్పుడు కూడా గుడ్డ కింది దాకా రాదు. ఆ ద్వారాన్ని మూసే సన్నని లోహపు పలకలు దొరుకుతాయి. వాటిని బిగిస్తే స్లగ్గులు ద్వారం దాటి బూమ్ దాకా దిగుతాయి. తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే వస్తువు నాకు మరొకటి కనబడలేదు. మరలు మాత్రం పలకకు సమమట్టంగా దిగాలి, తల పైకి తేలితే నువ్వే చేతులారా కొత్త అడ్డంకి పెట్టుకున్నవాడివి అవుతావు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే సంగతి. మాస్ట్‌ను వెనుక వైపు పట్టి ఉంచే తీగ నుంచి వేలాడే జానెడు తీగముక్కకు కొక్కెం ఉంటుంది, చూశావు కదా. తెరచాప దించినప్పుడు బూమ్ మీరు కూర్చునే కాక్‌పిట్‌లోకి పడిపోకుండా దాని కొసను ఆ కొక్కేనికి తగిలిస్తారు. రేవులో అది మంచిదే. తెరచాప ఎత్తిన తరువాత దానిని విప్పడం మరచిపోతే మాత్రం బూమ్ బయటికి కదలదు. గాలి విసురు వచ్చినప్పుడు మెయిన్‌షీట్ ఎంత వదిలినా తెరచాపలోని గాలి పోదు, పడవ ఒరుగుతూనే ఉంటుంది. అందుచేత మాస్ట్ చివరి నుంచి బూమ్ కొసకు టాపింగ్ లిఫ్ట్ అనే తాడు వేయించి, ఆ కొక్కేన్ని అసలు వాడకుండా మానుకో. తెరచాప దించే ముందు టాపింగ్ లిఫ్ట్ బిగించాలి, ఎత్తిన తరువాత వదులు చేయాలి. ఈ రెంటిలో ఏది మరచినా బూమ్ నెత్తిన పడడమో, తెరచాప ఆకారం చెడడమో జరుగుతుంది గానీ పడవకు ప్రమాదం రాదు.

దించే పద్ధతి కూడా వ్రాస్తాను. రేవు దగ్గరికి వచ్చాక తొందరగా చేసే పని కాదిది, నీళ్ళు విశాలంగా ఉన్నచోటనే చేయాలి. అమ్మాయి ఇంజను నెమ్మదిగా నడుపుతూ పడవ ముక్కును ఎదురుగాలికి సూటిగా నిలపాలి. బూమ్‌ను కిందికి పట్టి ఉంచే వాంగ్ వదలి, టాపింగ్ లిఫ్ట్ బిగించి, ఆ తరువాత మెయిన్‌షీట్ వదులు చేయాలి. షీట్ అంటే గుడ్డ కాదు, తాడు. హుసేన్ సాగర్‌లో నేను ఎంటర్‌ప్రైజ్ పడవ నేర్చుకున్న మొదటి రోజున "షీట్ వదులు" అని అరిచినప్పుడల్లా ఆ నీలం తెరచాప వంక చూస్తూ కూర్చున్నాను. బూమ్‌ను మధ్యకు బిగించి దించితే గాలి గుడ్డను గాడికేసి నొక్కుతుంది, స్లగ్గులు కదలవు. మీకు ఆదివారం జరిగినదానిలో సగం కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం. హాల్యార్డ్‌ను ముందుగానే చిక్కులేకుండా అటూ ఇటూ పొరలుగా పరచి ఉంచు. చుట్టగా చుట్టిన తాడు పరుగెత్తేటప్పుడు ముడిపడి కప్పీ దగ్గర ఆగుతుంది. ఇంత చేసినా చివరి రెండు అడుగులు మొరాయిస్తే, తెరచాప తలకు చిటికెన వేలిలో సగం లావు కూడా లేని సన్నని తాడు కట్టి, మాస్ట్ పాదం దగ్గరి చిన్న కప్పీ గుండా కాక్‌పిట్‌కు తెచ్చుకో. దానిని లాగితే తెరచాప కిందికి వస్తుంది, గాలికి మళ్ళీ పైకి పాకదు కూడా.

హాల్యార్డ్‌ను కాక్‌పిట్‌కు తెచ్చుకోవాలా అని అడిగావు. ఒంటరిగా వెళ్ళేవాడికి అది మేలే, అలలలో క్యాబిన్ కప్పు మీద నిలబడవలసిన పని తప్పుతుంది. అయితే తాడు తిరిగే ప్రతి కప్పీ మరికొంత రాపిడిని తెస్తుంది కనుక, గాడి శుభ్రమై బకెట్ పరీక్ష నెగ్గిన తరువాతే ఆ పని పెట్టుకో. దించిన తెరచాపను పట్టి ఉంచే లేజీ జాక్స్ తాళ్ళు మాత్రం ఈ పరిమాణపు పడవకు అక్కరలేదని నా అభిప్రాయం. ఎత్తేటప్పుడు తెరచాపలోని సన్నని బద్దలు, అంటే బ్యాటెన్లు, వాటిలో తగులుకొని విసిగిస్తాయి. నాలుగు గుడ్డ పట్టీలు జేబులో పెట్టుకుంటే చాలు.

రీఫ్ చేయడం దించడంలో భాగమే. అది సగం దించడం. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది, 10 నాట్ల గాలి 15 అయిందంటే తెరచాప మీద బరువు రెట్టింపును దాటుతుంది. మీ పడవలో 12 నాట్ల దగ్గర రీఫ్ గురించి ఆలోచన రావాలి, 15 వచ్చేసరికి కట్టేసి ఉండాలి. మెయిన్‌షీట్, వాంగ్ వదలి, టాపింగ్ లిఫ్ట్ బిగించి, హాల్యార్డ్‌ను గుర్తు దాకా దించు. ఆ గుర్తు కోసం రేవులోనే ఒకసారి రీఫ్ చేసి, తాడు కట్టే క్లీట్‌ను హాల్యార్డ్ తాకే చోట ఎర్రదారం చుట్టి కుట్టేయి. చీకట్లో కూడా వేలికి తగులుతుంది. తెరచాప ముందు అంచు కన్నాన్ని బూమ్ మొదట్లోని కొక్కేనికి తగిలించి హాల్యార్డ్ బిగించి, ఆ తరువాత వెనుక అంచు తాడును బూమ్ వెంట గట్టిగా లాగు. ఈ వరుస తప్పవద్దు. మధ్యలో వేలాడే చిన్న తాళ్ళు వదులు గుడ్డను పోగు చేయడానికే గాని బరువు మోయడానికి కాదు, వాటిని జారుముడితో వదులుగా కట్టాలి. రీఫ్ విప్పేటప్పుడు అన్నిటికన్నా ముందు వాటినే విప్పాలి, లేకపోతే గుడ్డ ఆ కన్నాల దగ్గర చినుగుతుంది. ఒకే తాడుతో రెండు అంచులూ లాగే ఏర్పాటు చూడడానికి ముచ్చటగా ఉంటుంది, రాపిడి మాత్రం ఎక్కువ. నేను రెండు తాళ్ళనే వాడాను.

గాలివాటున వెళ్తూ తెరచాప పక్క మార్చేటప్పుడు బూమ్‌ను దాని ఇష్టానికి వదలకు. మెయిన్‌షీట్ అంతా లాగి బూమ్‌ను మధ్యకు తెచ్చి, పడవ తోక గాలిని దాటిన వెంటనే తాడు గబగబా వదలాలి. ఆ సమయంలో అమ్మాయి తల ఎక్కడ ఉన్నదో ముందు చూసి, గట్టిగా చెప్పి, అప్పుడు చుక్కాని తిప్పు.

ఈ శనివారం గాలి తక్కువగా ఉంటే ఆ బకెట్ పరీక్ష చేసి, బకెట్ ఎక్కడైనా ఆగిందేమో, పైనుంచి ఎన్ని స్లగ్గులు పాలిపోయి ఉన్నాయో నాకు వ్రాయి. మాస్ట్ గాడి నోటి దగ్గర చిన్న స్కేలు ఆనించి ఫోటో తీసి పంపితే, ఏ కొలత పలకలు కావాలో ఇక్కడి నుంచే చెబుతాను. మీ అమ్మకు పోయిన ఆదివారం సంగతి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇట్లు,
మీ మావయ్య