మడోనా డిస్కో ఆల్బమ్ ఇన్నేళ్లకి ఎందుకు నచ్చుతోంది?

ప్రశ్న: 2005 చివర్లో మడోనా 'కన్ఫెషన్స్ ఆన్ ఎ డ్యాన్స్ ఫ్లోర్' వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నా, ఫ్రెండ్ ఎంపీత్రీ సీడీలో వేసిచ్చింది, మూడు నాలుగు పాటలు అటూ ఇటూ తిప్పి విని అన్నీ ఒకేలా ఉన్నాయని పక్కన పడేశా. అప్పట్లో నాకు మడోనాదే అంతకుముందు ఆల్బమ్ 'రే ఆఫ్ లైట్' అంటే ప్రాణం, దాని ముందు ఇది మరీ తేలిగ్గా అనిపించింది. మొన్న మా పాప ఫోన్లో ఇప్పటి పాప్ గాయని డూవా లీపా పాటలు అయ్యాక ఇదొచ్చింది, అప్పట్నుంచి రోజూ మొత్తం వింటున్నా. పాటలు అవే కదండీ, మరి ఏం మారినట్టు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆ ఎంపీత్రీ సీడీ సంగతి చెప్పాలండీ. ఈ ఆల్బమ్‌లో 12 పాటలున్నా వాటి మధ్య ఖాళీ అనేదే లేదు, క్లబ్బులో డీజే వాయించినట్టు ఒకదాంట్లోంచి ఇంకోటి వచ్చేస్తుంది. మన భజనల్లో ఒక పాట అయిపోతుండగానే తాళం ఆగకుండా ఇంకొకరు ఇంకో పాట ఎత్తుకుంటారు చూడండి, అలాగన్నమాట. దాన్ని ముక్కలు చేసి, పాటకీ పాటకీ మధ్య సీడీ ప్లేయర్ ఒక క్షణం ఆగుతుంటే, పైగా వరస మార్చి వింటే, అన్నీ ఒకేలా ఉన్నాయనే అనిపిస్తుంది. మొదట్లో గడియారం టిక్ టిక్‌తో 'హంగ్ అప్' మొదలవుతుందా, ఇక అక్కడ్నుంచి దాదాపు 56 నిమిషాలు కదలకుండా వింటేనే పాటల్ని ఆ వరసలో ఎందుకు పెట్టారో తెలుస్తుంది. మీరు ఇప్పుడు చేస్తున్నది అదే.

రెండోది, మీ చెవికి ఈ సౌండ్ ఇప్పుడు బాగా అలవాటైంది. మడోనాతో కలిసి ఈ ఆల్బమ్‌లో చాలా భాగం చేసిన స్టువర్ట్ ప్రైస్ ఎవరనుకున్నారు, డూవా లీపా 'లెవిటేటింగ్' ప్రొడ్యూసర్లలో ఆయన కూడా ఉన్నాడు! లండన్లో ఆయన ఇంట్లోని స్టూడియోలోనే వీటిలో ఎక్కువ పాటలు తయారయ్యాయి. 'హంగ్ అప్'లో వినిపించే ఆ ట్యూన్ 1979లో స్వీడన్ బ్యాండ్ ఆబా చేసిన 'గిమ్మీ గిమ్మీ గిమ్మీ' లోది, వాళ్లు తమ ట్యూన్లు ఎవరికీ అంత తేలిగ్గా ఇవ్వరు, మడోనా మనిషితో ఉత్తరం పంపి మరీ అడిగింది. 'సారీ'లో అయితే రకరకాల భాషల్లో క్షమాపణలు, మధ్యలో మన హిందీ 'ముఝే మాఫ్ కర్‌దో' కూడా ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా?

కానీ నాకు అన్నిటికన్నా పెద్ద కారణం మూడోది అనిపిస్తుంది. ఈ ఆల్బమ్ వచ్చేటప్పటికి మడోనాకి 47 ఏళ్లు. మొదటి సగం ఆటా పాటా, రెండో సగంలోకి వచ్చేసరికి బీట్ అదే గానీ మాటలు వేరు. 'లెట్ ఇట్ విల్ బి'లో పేరు ప్రఖ్యాతులు ఎంతకాలం ఉంటాయని తేల్చుకుంటుంది, 'హౌ హై'లో ఇంత పైకి ఎక్కాను సరే, దీనివల్ల ఏమొచ్చింది అని తనని తానే అడుగుతుంది. ఆ ప్రశ్న 20 ఏళ్ల వయసులో ఎవరికి పడుతుందండీ, డ్యాన్స్ పాటలో వచ్చేసరికి అసలు వినపడదు కూడా. ఇల్లు నడుపుతూ, ఉద్యోగమో పిల్లల చదువులో చూసుకుంటూ ఇన్నేళ్లు గడిపాక అదే పాట కాళ్లని ఆడిస్తూనే వెళ్లి ఇంకెక్కడో తగులుతుంది. నాకైతే ఈ ఆల్బమ్ గొప్పతనమంతా అక్కడే ఉంది, దిగులు పాటకి దిగులు ట్యూన్ కట్టడం ఎవరైనా చేస్తారు.

ఇంకా 'ఐజాక్' ఉంది. యిత్జాక్ సిన్వానీ అనే గాయకుడు అందులో యెమెన్ యూదుల పాత భక్తి గీతం హీబ్రూలో పాడతాడు, దాని కింద క్లబ్ బీట్ నడుస్తుంటుంది, వినడానికి ముందు ఇదేం కలయిక అనిపిస్తుంది గానీ ఆ గొంతులో ఉన్న తపన చూస్తే 'రే ఆఫ్ లైట్'ని ప్రేమించిన మీకు ఇది తప్పకుండా దగ్గరవుతుంది. 'ఐ లవ్ న్యూయార్క్' మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు, గిటార్ బావుంది, ప్రాసలు మరీ పిల్లలు రాసినట్టున్నాయి.

ప్రశ్న: మడోనా పాటలు నేనెప్పుడూ వినలేదు. ఈ ఆల్బమ్‌తో మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిక్షేపంగా. యాప్‌లో షఫుల్ తీసేయండి, ప్రకటనలు మధ్యలో దూరని అకౌంట్ ఎవరిదైనా ఉంటే ఇంకా మంచిది. ఒకసారి మొత్తం విన్నాక 1977లో డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్' పెట్టుకోండి, వెంటనే మళ్లీ ఈ ఆల్బమ్‌లోని 'ఫ్యూచర్ లవర్స్' వినండి, రెండింటికీ చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. 2006 టూర్‌లో మడోనా షో మొదలుపెట్టిందే ఆ రెండూ కలిపి.