పది డాలర్ల ప్రకటన దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా చరిత్ర మీద పిల్లలకొక పుస్తకం, పెద్దలకొక పుస్తకం రాయాలనుకోవడం మంచి ఆలోచన. కానీ నువ్వు పంపిన ప్రణాళికలో జార్జ్ వాషింగ్టన్ పుట్టుక నుంచి మరణం దాకా అన్నీ ఉన్నాయి. అరవై ఏడేళ్ల జీవితాన్ని 32 పేజీల బొమ్మల పుస్తకంలో కుక్కితే చివరికి తేదీలే మిగులుతాయి. చిన్నప్పుడు వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికి, అబద్ధమాడలేనని తండ్రి దగ్గర ఒప్పుకున్నాడంటూ మొదటి పేజీలో పెట్టిన కథ కూడా తీసెయ్. వాషింగ్టన్ పోయింది 1799లో. పార్సన్ వీమ్స్ అనే మతబోధకుడు రాసిన జీవితచరిత్రలోకి ఆ కథ వచ్చి చేరింది 1806 నాటి కూర్పులో. అంతకు ముందు దానికి ఆధారమే లేదు.

ఒక మనిషిని, ఒక రోజును, ఒక కాగితాన్ని పట్టుకో. నన్నడిగితే ఓనా జడ్జ్‌ను ఎంచుకోమంటాను. వాషింగ్టన్ భార్య మార్తాకు సేవలు చేసిన బానిస అమ్మాయి. 1796 మే 21న, అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలోని అధ్యక్షుడి ఇంటి నుంచి వెళ్లిపోయి, మళ్లీ వాళ్లకు చిక్కలేదు.

నీ చేతిలో ఉండాల్సిన కాగితం, మూడు రోజుల తర్వాత ఫిలడెల్ఫియా గెజెట్‌లో వచ్చిన ప్రకటన. ఇంటి వ్యవహారాలు చూసే ఫ్రెడరిక్ కిట్ వేయించాడు. దాన్ని మూడుసార్లు చదువు. మొదటిసారి ఉన్న సమాచారం రాసుకో: సుమారు ఇరవై ఏళ్ల వయసు, సన్నని మనిషి, మొహం నిండా చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు (ఫ్రెకిల్స్), నల్లని కళ్లు, గుబురు జుట్టు, రకరకాల మంచి బట్టలు. నగరంలోగానీ రేవులోని ఓడలోగానీ పట్టుకొని ఇంటికి తెచ్చినవారికి పది డాలర్లు, దూరం నుంచి తెస్తే అదనం. రెండోసారి, ఇది ఎవరికోసం రాశారో చూడు. ఆమెను ఎక్కించుకోవద్దని ఓడల కెప్టెన్లకు హెచ్చరిక ఉంది, అంటే సముద్ర మార్గాన పోతుందని వాళ్లు ముందే అనుమానించారు. మూడోసారి, అది దాచిందేమిటో వెతుకు. వెళ్లిపోవడానికి ఏ కారణమూ లేదని ప్రకటన అంటుంది. అది యజమాని మాట. దాన్ని నువ్వు కథకుడి గొంతుతో తిరిగి చెప్పావంటే అక్కడే పుస్తకం పాడవుతుంది.

ఇప్పుడు ఆ ప్రకటన పక్కనే ఆమె మాటను పెట్టి చూడు. డెబ్బై దాటిన వయసులో, 1845లోనూ 1847లోనూ, ఆమె చెప్పినవి పత్రికల్లో వచ్చాయి. వాషింగ్టన్ దంపతులు తమ సొంత రాష్ట్రం వర్జీనియా వెళ్లడానికి సామాను సర్దుకుంటుంటే తానూ సర్దుకున్నానని, అక్కడికి తిరిగి వెళ్తే ఇక స్వేచ్ఛ రాదని తెలుసునని, వాళ్లు భోజనం చేస్తుండగా బయటికి నడిచానని చెప్పింది. తీసుకెళ్లిన కెప్టెన్ జాన్ బౌల్స్ పేరు మాత్రం, అతన్ని శిక్షిస్తారేమోనని, అతను పోయేదాకా బయటపెట్టలేదు. ఇవి దాదాపు యాభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకాలు, పైగా అచ్చువేసినవి బానిసత్వాన్ని వ్యతిరేకించే పత్రికలు. కాబట్టి వీటినీ పరీక్షించాలి. వాషింగ్టన్ ఉత్తరాలు ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1791 ఏప్రిల్ 12న తన కార్యదర్శి టోబియాస్ లియర్‌కు రాసినది తప్పకుండా చదువు. 1780 నాటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, బయటి నుంచి తెచ్చిన బానిస ఆ రాష్ట్రంలో ఆరు నెలలు వరసగా ఉంటే స్వేచ్ఛ కోరవచ్చు. అది తప్పించడానికి ఏదో ఒక సాకుతో, తన బానిసలకూ జనానికీ అసలు సంగతి తెలియకుండా, వాళ్లను వెనక్కి వర్జీనియాకు పంపించమంటాడు వాషింగ్టన్. ఆ వాక్యం చదివాక ‘కారణమేమీ లేదు’ అన్న మాటకు విలువెంతో నీకే తెలుస్తుంది.

పిల్లల పుస్తకం లెక్క ఇది. 32 పేజీలంటే పదహారు పేజీల చొప్పున రెండు ఫారాలు. శీర్షిక, ప్రచురణ వివరాలు, చివరి గమనిక పోను ఎదురెదురు పేజీల జతలు పన్నెండు మిగులుతాయి. జతకు యాభై మాటలు, మొత్తం ఆరువందలు దాటనివ్వకు. పరీక్షంతా ఆ భోజనం వేళ దగ్గర వస్తుంది. ‘ఓనా గుండె దడదడలాడింది’ అని రాయాలనిపిస్తుంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు, రాయకు. ‘లోపల భోజనం జరుగుతోంది. ఓనా తలుపు దాటింది. ఎక్కడికి వెళ్లాలో ఆమెకు తెలియదు’ అంటే చాలు, మూడింటికీ ఆధారం ఉంది. సంభాషణలు పుట్టించవద్దు. పిల్లల పుస్తకమని సడలింపేమీ లేదు. పెద్దవాళ్లు అనుమానించి వెతుక్కుంటారు, ఏడేళ్ల పిల్ల నువ్వు చెప్పిందే నమ్ముతుంది. అందుకే ఆమెకు రాసేటప్పుడే ఎక్కువ జాగ్రత్తపడాలి.

చిత్రకారుడికి విడిగా ఒక కాగితం రాసివ్వు. లేకపోతే వైట్‌హౌస్ గీసేస్తారు. 1796లో అధ్యక్షుడి నివాసం ఫిలడెల్ఫియా మార్కెట్ వీధిలో ఉండేది. వైట్‌హౌస్‌లోకి మొదట వెళ్లింది జాన్ ఆడమ్స్, అదీ 1800లో. జెండా మీద అప్పటికి నక్షత్రాలు 15, చారలు కూడా 15. ఓనా ముఖానికి ఆ ప్రకటనలోని వర్ణనే ఆధారం, మచ్చలతో సహా. అలాగే పది డాలర్లను నేటి రూపాయల్లోకి మార్చవద్దు.

పెద్దల పుస్తకంలో ఇదే కథకు చిక్కుముళ్లు వస్తాయి. ఓనా వాషింగ్టన్ సొత్తు కాదు, మార్తా మొదటి భర్త కస్టిస్ ఎస్టేటు సొత్తు. అందుకే వాషింగ్టన్ తన వీలునామాతో ఆమెను విడుదల చేయగలిగేవాడు కాదు. 1793లో వాషింగ్టనే సంతకం చేసిన పారిపోయిన బానిసల చట్టం ప్రకారం, 1848లో చనిపోయేదాకా ఆమె పరారీలో ఉన్నట్టే లెక్క. ఎవరో ఫ్రెంచివాడు ఆమెను లేవదీసుకుపోయాడని వాషింగ్టన్ అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని కూడా రాయి, ఎవరి నమ్మకమో చెప్పి మరీ రాయి.

ఓనాను పెళ్లయిన మార్తా మనుమరాలు ఎలైజాకు ఇచ్చేయాలనుకున్నారని చదవగానే, దొరల బిడ్డల పెళ్లిళ్లలో వెంట పంపిన ఆడబాపలనే దాసీలు తెలంగాణ పాఠకుడికి గుర్తొస్తారు. పెద్దల పుస్తకంలో ఆ పోలిక ఒక పేరాలో తేవచ్చు. అయితే తేడా కూడా చెప్పాలి: అక్కడ మనిషిని చట్టమే ఆస్తిగా రాసుకుంది, తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అంది, వారసులకు పంచింది. పిల్లల పుస్తకంలో ఈ పోలిక వద్దు, రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు.

ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయి. మొదటి గడిలో నీ వాక్యం, రెండో గడిలో అది ఎక్కడి నుంచి వచ్చింది, మూడో గడిలో ఆ మాట చెప్పినవాళ్లు కళ్లారా చూశారా, ఎన్నేళ్లకు చెప్పారు. రెండో గడి ఖాళీగా ఉన్న వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేయాల్సిందే. మొదటి నాలుగు జతల పేజీలకు ఈ పట్టిక నింపి పంపు. వచనం సంగతి ఆ తర్వాత చూద్దాం.