గుమ్మం ముందు చోడి దుబ్బులు

ప్రశ్న: గోడ వారన పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు జాగా ఉంది. క్రోటన్లకు బదులు చోళ్లు (రాగులు), కొర్రలు, గంటెలు (సజ్జలు) అందంగా పెంచొచ్చా? కిందటేడు కొట్లో కొన్న కొర్రలు చల్లితే ఒక్కటీ మొలవలేదు. – ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నిక్షేపంగా పెంచొచ్చండి. వండుకోవడానికి అమ్మేవి పొట్టు తీసిన కొర్ర బియ్యం. పొట్టు తీసేటప్పుడే మొలక దెబ్బతింటుంది. విత్తనానికి పొట్టుతో ఉన్నవే తెచ్చుకోండి. చోళ్లకు ఆ బాధ లేదు, కొత్త పంటవైతే కొట్లోవీ మొలుస్తాయి. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం రకాలు శ్రీచైతన్య, వేగావతి దొరికితే మరీ మంచిది. రంగు పూసిన విత్తనం మందు పట్టించినది, మిగిలితే వంటింట్లోకి రానివ్వకండి.

గోడ వైపు గంటెలు వేయండి, ఆరడుగుల దాకా లేస్తాయి. నడుమ కొర్ర, దారి వైపు చోడి. ఆరు గంటలైనా ఎండ తగలాలి. జూన్‌లో వానలు పడ్డాక చోడి నారు పోసి, 20 రోజులకు అడుగు ఎడంగా ఒక్కో మొక్కే నాటండి. అందమంతా ఆ ఎడంలోనే ఉంది. చిక్కగా చల్లితే గడ్డిలా సన్నగా సాగి వాలిపోతుంది. జాగా దొరికితే పిలకలు తొడిగి దుబ్బు గుండ్రంగా వస్తుంది, ప్రతి పిలక కొసనా ముడిచిన పిడికిలిలాంటి కంకి నిలుస్తుంది. కొర్ర, గంటెలు నేరుగా అర అంగుళం లోతున విత్తి, మొలిచాక కొర్ర ఆరంగుళాలకు, గంటెలు అడుగుకు ఒకటి ఉంచి తక్కినవి పీకేయండి.

ఈ జాగాకు చివికిన గత్తం (పశువుల ఎరువు) 5 కిలోలు చాలు. పచ్చగా ఉండాలని యూరియా వేస్తేనే చేటు: కాడ మెత్తబడి పడిపోతుంది, అగ్గితెగులు వస్తుంది. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిద రంగు కనిపిస్తే ఆ ఆకులు తీసి కాల్చేయండి. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయాలి.

చోడి కంకులు ఒక్కసారే పండవు. ముందు తల్లి కాడవి, వారం పోయాక పిలకలవి కోసుకోండి. అంబలికి నాలుగు రోజులు వస్తాయేమో గానీ, ఏడాది తిండికి ఆశపడకండి.

ప్రశ్న: పిచ్చుకలు తినేస్తున్నాయని కొర్ర కంకులకు ప్లాస్టిక్ కవర్లు కట్టాం. లోపల బూజు పట్టింది. – ఓ పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కవర్లో చెమ్మ నిలిచిపోతుంది, బూజు అందుకే. గింజ పాలు పోసుకునేటప్పుడే పాత దోమతెర గుడ్డ సంచుల్లా కుట్టి తొడగండి, గాలి ఆడుతుంది. గుమ్మానికి కుచ్చులు కట్టుకోవాలంటే కంకి పసుపు తిరగగానే అడుగు కాడతో కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి. బాగా పండనిస్తే గింజ రాలిపోతుంది.