పరాయి దేశానికి మొదటి లేఖ రాస్తున్న మా బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

విదేశంలో ఉన్న ఖాతాను ఫ్రీజ్ చేయమని అడిగే లేఖ రాసే పని నీకు అప్పగించారట. వారం నుంచి నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ సహజమే. నేనూ ప్రాసిక్యూషన్ పనిలో ఉండగా అలాంటి లేఖలు కొన్ని రాశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నా.

ముందు ఆ లేఖ చదివే మనిషిని తలచుకో. అతనికి మన కేసు గురించి ఏమీ తెలియదు. మన పేపర్లు చదవడు, మన నాయకుల పేర్లు ఎరగడు. తమ దేశపు జడ్జి ముందు నిలబడి ఈ ఖాతాను ఎందుకు ఆపాలో చెప్పాల్సింది మాత్రం అతనే. ఆ చెప్పే మాటలు నువ్వే అందించాలి. నాలుగు వందల పేజీల చార్జిషీటు కట్టగట్టి పంపితే అతనికి ఒరిగేదేమీ లేదు. నిందితుడు చేసిన పని వాళ్ల చట్టంలో కూడా నేరమేనని ఒక పేజీలో చూపించు. మిగతా బలమంతా డబ్బు నడిచిన దారి మీద పెట్టు.

ఎనుమాముల మార్కెట్‌కు నాతో వచ్చేదానివి, గుర్తుందా? తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ చీటీ లేకుండా వచ్చి ‘ఆ మిర్చి నాదే’ అంటే అడ్తిదారు పైసలిస్తాడా? కుప్పలో కలిశాక ఎవరి మిర్చి ఏదో ఆ దేవుడికే తెలియాలి. డబ్బూ అంతే. ఇక్కడి ఖాతాలోంచి ఏ తేదీన ఎంత వెళ్లింది, మధ్యలో ఏ కంపెనీ చేతిలో ఆగింది, అక్కడ ఏ ఖాతాలో దిగింది అన్నది గొలుసులా చూపించాలి. ఒక్క లింకు తెగినా వాళ్ల కోర్టు అక్కడే ఆగిపోతుంది. తెలియని లింకు ఉంటే తెలియదనే రాయి. ఊహను నిజంలా రాస్తే మిగతా లేఖను కూడా నమ్మరు.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. నా చేతుల్లోనే ఒక కేసు అలా పాడైంది. నిందితుడి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఇక్కడి బ్యాంకు కాగితంలో పొడి అక్షరమే. అక్కడి ఖాతాలో ఇంటిపేరు చివరకు పోయింది. ఇంగ్లిష్‌లో ‘లక్ష్మి’ని ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా రాశారు. మనకు చూడగానే ఒకే మనిషి. వాళ్లకు ముగ్గురు. ఎనిమిది నెలల తర్వాత ‘వివరాలు సరిపోలడం లేదు’ అని లేఖ తిరిగొచ్చింది. సరిచేసి పంపేసరికి ఖాతాలో ఏమీ మిగల్లేదు. ఆ తిరిగొచ్చిన కవరు నా టేబుల్ మీద చాలా రోజులు అలాగే ఉంది, దాన్ని తీసి పక్కన పెట్టడానికి చేతులు రాలేదు. అందుకే అన్ని రూపాల్లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఖాతా నంబరు మొదటి పేజీలోనే పెట్టు.

దారి నీకు తెలిసిందే. బీఎన్ఎస్ఎస్, అంటే కొత్త నేర విచారణ చట్టం, 112వ సెక్షన్ కింద గానీ, మనీలాండరింగ్ చట్టం 57వ సెక్షన్ కింద గానీ కోర్టు నుంచి లేఖ తీసుకోవాలి. అది కేంద్ర హోంశాఖ ద్వారా వెళ్లాలి. ఆ దేశంతో మనకు ఒప్పందం లేకపోతే దిగులు పడకు. ఐక్యరాజ్యసమితి అవినీతి నిరోధక ఒడంబడికను మనం 2011లో ఆమోదించాం. ఆస్తుల్ని తిరిగి ఇవ్వడం అందులో మూల సూత్రం. ఆ దేశం కూడా అందులో ఉంటే దాన్నే ఆధారం చేసుకో. అయితే లేఖ చేరేలోపే డబ్బు జారిపోవచ్చు. అందుకే ముందుగా మన ఎఫ్ఐయూ, అంటే అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసే ప్రభుత్వ విభాగం వాళ్ల ద్వారా అక్కడి ఎఫ్ఐయూకు సమాచారం పంపించు. చాలా దేశాల ఎఫ్ఐయూలు తమ సంఘమైన ఎగ్మాంట్ గ్రూపులో సభ్యులుగా మాట్లాడుకుంటూనే ఉంటాయి.

ఫ్రీజ్ అయ్యిందంటే డబ్బు వచ్చినట్టే అనుకోకు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు మార్కోస్ సొమ్మును స్విట్జర్లాండ్ 1986 మార్చిలోనే ఆపింది. ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు దాన్ని ప్రభుత్వానికి జప్తు చేసింది 2003లో. మన నిజాం సొమ్ము సంగతి ఇంకా బాధాకరం. అది నేరం కేసు కాదు గానీ పాఠం అదే. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ ప్రభుత్వ ఖాతా నుంచి పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదకు మారింది. మన ఓరుగల్లు శిస్తు కూడా ఆ ఖజానాకే చేరేది. కొద్ది రోజులకే నిజాం వెనక్కి అడిగాడు. 1957లో అక్కడి అప్పటి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్, పరాయి ప్రభుత్వాన్ని కోర్టుకు లాగలేమంది. సొమ్ము ఎవరికీ దక్కకుండా బ్యాంకులోనే పడి ఉంది. 2013లో పాకిస్తాన్ తానే కోర్టుకెక్కడంతో ఆ రక్షణ పోయింది. 2019 అక్టోబరు 2న తీర్పు భారత్‌కు, నిజాం వారసులకు అనుకూలంగా వచ్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోకపోతే డెబ్బై ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి.

కాబట్టి తిరిగొచ్చే డబ్బు ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించి మీ పైవాళ్లకు చెప్పు. కజకిస్తాన్‌లో లంచాలవని అనుమానించి స్విట్జర్లాండ్‌లో ఆపిన సొమ్ము విషయంలో 2007లో అమెరికా, స్విట్జర్లాండ్, కజకిస్తాన్ ముందే మాట్లాడుకుని, 8 కోట్ల 40 లక్షల డాలర్లను పేద పిల్లల కోసం ఖర్చు పెట్టే ఒక సంస్థకు ఇచ్చాయి. సొమ్ము ఎటు పోతుందో తెలిస్తే ఇచ్చేవాళ్ల మనసు కుదుటపడుతుంది.

లేఖలో గద్దింపు వద్దు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా ‘మీ సాయానికి కృతజ్ఞతలు’ అనడం మర్చిపోకు. రేపు వాళ్ల లేఖ మన దగ్గరికి వస్తుంది. అది బల్ల మీద పడి ఉండకుండా చూసేది కూడా నువ్వే.

బతుకమ్మకు సెలవు దొరికితే వచ్చి రెండు రోజులుండు. పెద్దమ్మ సకినాలు చేస్తానంటోంది. లేఖ ముసాయిదా మాత్రం నాకు పంపకు. ఆ ఖాతా నంబర్లు రిటైరైన నా కంట కూడా పడకూడదు.

నీ పెద్దనాన్న