సొంతంగా అల్లిన భాషలో టోన్ సంధి: తొమ్మిది జతలకూ నియమాలు రాయాలా?

మీరు సొంతంగా అల్లుతున్న కల్పిత భాషలో మూడు టోన్లు (మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు) పెట్టానని, ఏ రెండు పక్కపక్కన వచ్చినా ఎలా మారాలో తొమ్మిది జతలకూ నియమం రాయాలా అని అడిగారు. వద్దండి. నేను అలాగే రాసి చాలా నెలలు పోగొట్టుకున్నాను. (స్వరసంధి అంటే మనకు అచ్చులే గుర్తొస్తాయి కాబట్టి టోన్ అనే అంటాను.)

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. డిగ్రీ రోజుల్లో నేనూ మా బావా కలిసి ఒక భాష కట్టాం. ఎగువ, దిగువ, జారుడు అని మూడు టోన్లు, తొమ్మిది గళ్ల పట్టిక. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే మా నోటి పలుకు పట్టికతో కలవలేదు. రెండు జారుడు టోన్లు వరసగా వస్తే, మొదటిది జారడానికి వ్యవధి చాలక ఎగువలోనే నిలిచిపోయేది. ఆ ఒక్క నియమమే ఉంచి పట్టిక కొట్టేశాం.

చైనా వాళ్ల మాండరిన్‌లో నాలుగు టోన్లున్నా అందరూ ముందు నేర్చుకునే మార్పు ఒకటే: మూడో టోన్ (కిందికి దిగేది) వరసగా రెండుసార్లు వస్తే, మొదటిది రెండో టోన్ (పైకి లేచేది) అవుతుంది. ‘నీ హావ్’ అనే పలకరింపులో జరిగేది అదే. ‘బు’, ‘యీ’ లాంటి మాటలకు మాత్రం విడి నియమాలున్నాయి. అదే మూడో టోన్ వరసగా మూడుసార్లు వస్తే, మాటల్ని ఎలా జతపరిచామన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. కాబట్టి మీ సంధి పదం లోపలేనా, పదాల మధ్య కూడానా అన్నది ముందే తేల్చుకోండి.

నాకు బాగా పనికొచ్చింది మన ద్రుతం, అంటే కొన్ని మాటల చివర వచ్చే నకారం. ‘పూచెను కలువలు’ అనేదాన్ని ‘పూచెఁ గలువలు’ అన్నప్పుడు ఆ నకారం వినిపించదు, కానీ ‘క’ను ‘గ’ చేసి పోయింది. టోన్లలోనూ ఇలాంటివి ఉంటాయి. పశ్చిమ ఆఫ్రికాలోని బంబారాలో, ఫలానా వస్తువు అని నిర్దిష్టంగా చెప్పే గుర్తు ఒక దిగువ టోన్. దానికి తనదంటూ అక్షరం లేదు, తర్వాత వచ్చే ఎగువ టోన్‌ను కాస్త కిందికి లాగుతుంది. అది చదివాక మా బహువచనాన్ని అలాగే మార్చాం. నాకు ఇప్పటికీ ఇష్టమైన భాగం అదే.

ఒక్క జాగ్రత్త. ‘వచ్చావా?’ అని అడిగే అలవాటుతో మా గొంతు ప్రశ్న చివర పైకి లేచి దిగువ టోన్‌ను చెడగొట్టేది. ఒడియాలో చివర ‘కి’ చేర్చినట్టు ఒక ప్రశ్నపదం పెట్టుకున్నాక ఆ టెన్షన్ తగ్గింది.

మీ తొమ్మిది జతలనూ మామూలు వేగంతో పలికి రికార్డు పెట్టండి. ఎక్కడ నోరు తడబడుతోందో విని చెబుతాను.