హ్యారీ హాలర్‌లో ఎందరున్నారు?

ప్రశ్న: జర్మన్ భాషా రచయిత హెర్మన్ హెస్సే నవల ‘స్టెపెన్‌వుల్ఫ్’ను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. తనలో ఒక మనిషి, ఒక తోడేలు నిత్యం కలహించుకుంటున్నారని కథానాయకుడు హ్యారీ హాలర్ నమ్ముతాడు. చివరకు, తనను బతుకు వైపు తిప్పిన హెర్మినెనే కత్తితో పొడుస్తాడు. అంటే తోడేలే గెలిచిందా? దీన్ని ఆత్మాన్వేషణ అని ఎలా అంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మనిషి, తోడేలు అన్న లెక్క హాలర్ వేసుకున్నది. ఆ లెక్క తప్పని నవల మొదటి భాగంలోనే, వీధిలో ఒక అమ్మకందారు అతని చేతిలో పెట్టిన చిన్న పుస్తకం తేల్చి చెబుతుంది. జర్మన్ కవి గోథే నాటకంలో, తన గుండెలో రెండు ఆత్మలున్నాయని వాపోయిన ఫౌస్ట్‌ది కూడా తక్కువ లెక్కేనని, మనిషిలో ఉన్నవి రెండు కావు, వందలు, వేలని ఆ పుస్తకం వాదిస్తుంది. భారతీయ ఇతిహాసాల్లోని వీరులు ఒక్కొక్క వ్యక్తి కాదని, ఎన్నో అవతారాల వరుస అని అక్కడ హెస్సే గుర్తుచేయడం మన పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది.

అయితే నాకు ఆ వాదం కన్నా బలంగా తోచే సాక్ష్యం, అంతకుముందే, హాలర్ అద్దెకున్న ఇంటి యజమానురాలి మేనల్లుడు చెప్పే ఒక చిన్న సంఘటన. మధ్యతరగతి జీవితాన్ని అసహ్యించుకునే హాలర్, ఒకసారి మెట్ల మీద కూర్చుని, మరొక వాటా గుమ్మం ముందు దుమ్ము లేకుండా తుడిచిపెట్టిన అరకేరియా మొక్కను చూస్తూ, ఆ శుభ్రతలో తన తల్లి ఇంటిని తలచుకుంటూ మైమరచిపోతాడు. ఆ క్షణంలో అక్కడ కూర్చున్నది తోడేలూ కాదు, తోడేలును అదుపులో పెట్టే పండితుడూ కాదు. ఇల్లు కోసం బెంగపడిన పిల్లవాడు. హాలర్ లెక్కలో ఆ పిల్లవాడికి చోటే లేదు.

ఇక హత్య సంగతి. అది హెర్మినె స్నేహితుడు, జాజ్ వాయిద్యకారుడు పాబ్లో నడిపే మాయా నాటకశాలలో, అద్దాల మధ్య జరుగుతుంది. అక్కడ ఒక ఆటగాడు హాలర్ వ్యక్తిత్వాన్ని చదరంగం పావులుగా విడదీసి, వాటిని ఎన్ని రకాలుగానైనా మళ్లీ పేర్చవచ్చని చూపిస్తాడు. ఆ పాఠం నేర్చిన కొద్దిసేపటికే, హెర్మినెను పాబ్లో పక్కన చూసి హాలర్ ఈర్ష్యకు లొంగిపోతాడు. అద్దంలోని అమ్మాయిని అద్దంలోని కత్తితో పొడిచాడన్నదే అతనిపై మోపిన నేరం. అతనికి పడిన శిక్ష మరణం కాదు, బతికి ఉండడం, అందరూ ఒకసారి తనను చూసి నవ్వితే భరించడం. కాబట్టి అక్కడ తోడేలు గెలవలేదు, హాలర్ ఆట సరిగా ఆడలేకపోయాడు.

1927లో, హెస్సేకు యాభై ఏళ్లు నిండిన ఏడాది, ఈ నవల వెలువడింది. దీన్ని పాఠకులు తరచూ అపార్థం చేసుకున్నారని, ఇందులోని సంక్షోభం చావుకు కాక స్వస్థతకు దారితీస్తుందని ఆయనే తరువాత ఒక మలిమాటలో రాశారు. మీరు చివరి పేజీని మరొకసారి చదవండి. బొమ్మంత చిన్నదైపోయిన హెర్మినెను పాబ్లో జేబులో వేసుకుంటాడు. ఆ ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడడానికి హాలర్ సిద్ధపడతాడు.