టీకా చేయాలంటే ముందు ప్లేటు పట్టాలి

ప్రశ్న: సార్, నేను ప్రొద్దుటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. పోయినేడు మా తమ్ముడు టైఫాయిడ్‌తో నెల దాకా మంచం పట్టాడు. అప్పట్నుంచి తిండి వల్ల వచ్చే జబ్బులకు వ్యాక్సిన్లు చేసే పని నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో మాత్రం బీఈడీ చెయ్, టీచరయిపో అంటున్నారు. ఎమ్మెస్సీలో ఏం తీసుకోవాలి? హైదరాబాద్ పోకపోతే లాభం లేదా?

జవాబు: హైదరాబాద్ తర్వాతైనా పోవచ్చులేమ్మా. కడపలోనే యోగి వేమన యూనివర్సిటీ ఉంది, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ ఉంది. పీజీసెట్‌తో పాటు గ్యాట్-బి అనే ప్రవేశపరీక్ష కూడా రాసెయ్, బయోటెక్ సీట్లకు పనికొస్తుంది. కోర్సు పేరు ఫుడ్ మైక్రోబయాలజీనా ఇమ్యునాలజీనా అని జుట్టు పీక్కోవద్దు, చేరేముందు అక్కడి సీనియర్లను ఒక్కటే అడుగు: ప్రాజెక్టులో మీ చేత్తో మీరు ఏం చేశారు?

ఎందుకంటే ఈ పని చేత్తోనే వస్తుంది. 25 గ్రాముల చికెన్‌ను 225 మిల్లీలీటర్ల పెప్టోన్ వాటర్‌లో (క్రిములు పెరిగే పోషక ద్రవం) కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, మర్నాడు ఇంకో పోషక ద్రవంలోకి మార్చి, ఆ మర్నాడు ఎక్స్‌ఎల్‌డీ అనే, క్రిములు పెంచే ప్లేటు మీద గీస్తే, నడుమ నల్లచుక్కతో ఎర్రటి కాలనీలు లేస్తాయి. అవి సాల్మొనెల్లా కావచ్చు, టైఫాయిడ్ తెచ్చే క్రిమి కూడా ఈ జాతిదే. తేల్చాలంటే ఇంకా టెస్టులున్నాయి, ఓపిక కావాలి. (మన ఊళ్లలో జ్వరం రాగానే ఒక్క విడాల్ రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అనేస్తారే, నాకు ఒళ్లు మండిపోతుంది. గట్టి రుజువు కావాలంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చరే చేయాలి. మీ తమ్ముడికి చేశారా?)

ఇక టీకా సంగతి. టైఫాయిడ్ బ్యాక్టీరియాకు పైన విఐ అనే చక్కెర పొర ఉంటుంది. ఆ పొర ఒక్కదాన్నే ఇస్తే రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. దాన్నే టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కు అతికిస్తే ఒంట్లో రోగనిరోధక శక్తినిచ్చే టీ కణాలు సాయానికొస్తాయి, ఆరు నెలల బిడ్డకు కూడా ఒక్క డోసు వేయొచ్చు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్-టీసీవీ ఇదే, 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత గుర్తింపు) కూడా వచ్చింది. క్రిమి ఒంటి మీద ఏముందో తెలిసినోళ్లకే ఆ అతికించే ఆలోచన వస్తుంది, అందుకే ముందు ప్లేటు పట్టమంటున్నా. అయితే కోడిమాంసం, గుడ్ల ద్వారా వచ్చే మిగతా సాల్మొనెల్లాలకు ఈ టీకా పనికిరాదు, వాటిలో చాలావాటికి అసలు విఐ పొరే లేదు. పైగా సాల్మొనెల్లాలో 2,500కు పైగా రకాలున్నాయి, ఈ మిగతావాటికి మనుషులకిచ్చే టీకా ఇంకా బజారులోకి రాలేదు. నీలాంటోళ్లకు పని మిగిలింది అక్కడే.

ఇంట్లోవాళ్లకు డబ్బు లెక్క చెప్పు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 ఫెలోషిప్ (2023 నుంచి ఈ రేటు). అది రాకపోతే బీఈడీ అప్పుడైనా చేసుకోవచ్చు, ఎక్కడికీ పోదు.

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ల్యాబులో టైఫాయిడ్ క్రిములతో పనంట. ఇంటికి తెస్తుందేమోనని టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: పద్ధతిగా చేస్తే భయం లేదమ్మా. వాడిన ప్లేట్లను ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర పెట్టాకే పారేస్తారు. కోటు ల్యాబులోనే వదిలి, చేతులు సబ్బుతో కడుక్కుని రావాలి, లోపల తినడం తాగడం ఉండకూడదు. రోజూ ఆ క్రిమితోనే పనైతే టైఫాయిడ్ టీకా వేయించుకోవడం మంచిది, వాళ్ల గైడును అడగమనండి. నేను చూసినంతలో పిల్లలు నిర్లక్ష్యం చేసేది సెల్‌ఫోన్ దగ్గరే, గ్లవ్స్ చేత్తోనే రీల్స్ జరుపుతుంటారు. ఫోను బ్యాగులోనే పెట్టమని గట్టిగా చెప్పండి.